రచయిత అనే గడి

జూన్ 3

ముందే క్షమాపణ చెప్పుకోవాలి. ఎవరికో తెలీదు, చదివేవాళ్ళెవరూ లేరు. నా రాత కోడి గెలికినట్టుంటుంది. వత్తులూ దీర్ఘాలూ పడాల్సిన చోట పడవు, అక్కర్లేని చోట పడతాయి. ఊళ్ళో బడి అయిదో తరగతి దాకానే. ఆ తర్వాత బతుకంతా పుస్తకాల మధ్యే గడిచింది గానీ, వాటి వీపులు కుట్టడానికి, చదవడానికి కాదు.

ఈ నోటుబుక్కు కోడలు ఇచ్చింది, పని ఎలా చెయ్యాలో రాసుకోమని. ముందు వైపు అది రాశాను. వెనక వైపు నుంచి ఇది.

కోడలు కాలేజీలో పాఠాలు చెబుతుంది. పరిశోధన కూడా చేస్తోంది. పాత రోజుల్లో చిన్న లైబ్రరీల వాళ్ళు పుస్తకాలకు పురుగు పట్టకుండా ఏం చేసేవారు అని. ఆగస్టు ఆఖరుకి థీసిస్ ఇచ్చెయ్యాలట. నెట్‌లో దొరికిన వాటి లింకులు నాకు పంపుతుంది. నేను ఒక్కొక్కటీ తెరవాలి. పై మూల బటన్ ఒకటుంది. నొక్కితే రాసినవాళ్ళ పేరు, పుస్తకం పేరు, సంవత్సరం వాటంతటవే వచ్చి గళ్ళలో కూర్చుంటాయి. సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడాలి. తగిన ఫోల్డరులో వెయ్యాలి. చీటీ తగిలించాలి, జిగురు, చెద, తేమ, బూజు, ఇలాగ. థీసిస్ రాసేటప్పుడు తనకు ఎక్కడ ఏ పుస్తకం పేరు కావాలంటే అక్కడికి అది వచ్చేస్తుంది.

"ముప్పై ఎనిమిదేళ్ళు లైబ్రరీలో బైండింగ్ చేశారు, ఇదేం కొత్త మామయ్యా మీకు?" అంది.

రిటైరయ్యాక నాకు ఒకరు పని చెప్పడం ఇదే మొదలు.

జూన్ 4

పదకొండు చేశాను. తప్పులు రెండు.

జూన్ 9

ఈ యంత్రానికి తొందరెక్కువ. పేజీలో ముందు ఏ పేరు కనపడితే దాన్ని లాక్కొచ్చి రచయిత గడిలో కూర్చోబెడుతుంది. ఒకచోట పత్రిక పేరు, ఒకచోట సబ్బుల కంపెనీ పేరు.

భోజనాల దగ్గర అన్నాను, "ఈ అడ్మిన్ అనే ఆయన చాలా చదివినట్టున్నాడమ్మా. చెద గురించి రాశాడు, తేమ గురించి రాశాడు, నిన్న బూజు గురించి కూడా ఆయనదే కనపడింది."

కోడలు నీళ్ళు తాగుతోంది. పొలమారింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. అడ్మిన్ అంటే ఒక మనిషి కాదట. సైటు చూసుకునేవాళ్ళు ఎవరైనా ఆ పేరే పెట్టుకుంటారట.

"పాపం, అంత పెద్దాయన్ని మనింటికి ఓసారి భోజనానికి పిలుద్దాం నాన్నా" అన్నాడు అబ్బాయి.

నేనూ నవ్వాను. నా మాటకి ఇంట్లో ముగ్గురం నవ్వి ఎన్నాళ్ళయిందో.

జూన్ 12

కోడలు చెప్పిన సూత్రం. యంత్రం ఏం తెచ్చినా నమ్మకూడదు. పుస్తకం మొదటి పేజీలో ఏ పేరుంటే అదే ఉండాలి. మన ఇష్టానికి కలపకూడదు, తియ్యకూడదు.

జూన్ 17

లిస్టులో ఇరవై మూడోది తెరుచుకోలేదు. కోడలితో అదే చెప్పాను.

జూన్ 18

తెరుచుకుందట.

సాయంత్రం కోడలు సంచీ కూడా కింద పెట్టకుండా నా గదిలోకొచ్చి ఫోను నా మొహం ముందు పెట్టింది. "మామయ్యా! ఇది మీరేనా?"

మా పాత కాలేజీ లైబ్రరీ వాళ్ళు మూల పడున్న చిన్న పుస్తకాలన్నిటికీ ఫొటోలు తీసి నెట్‌లో పెట్టారు. అందులో మాది ఒకటి. 'జిగురు, పురుగు, మందు.' ఇరవై నాలుగు పేజీలు. అట్ట మీద నా పేరు.

"అవునమ్మా."

"ఇన్నేళ్ళూ ఒక్క ముక్కైనా చెప్పలేదేం?"

"చెప్పడానికేముంది."

అది వినయం అనుకుంది. అబ్బాయిని కేకేసింది. వాడు అట్ట చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ అట్ట చూశాడు. "మా నాన్న రచయితా!" అన్నాడు. చిన్నప్పుడు వాడు స్నేహితులతో మా నాన్న లైబ్రరీలో పని చేస్తాడని చెప్పేవాడు గానీ ఏం పనో చెప్పేవాడు కాదు.

పైన మాది అని రాశాను. కొట్టెయ్యడం లేదు, ఉండనీ.

జూన్ 20

నా పుస్తకాన్ని నేనే గళ్ళలోకి ఎక్కించాను. బటన్ నొక్కగానే నా పేరు వచ్చి కూర్చుంది. దిద్దడానికేం లేదు.

కోడలికి అందులో చుక్కల పట్టిక తెగ నచ్చేసింది. ఏ జిగురులో ఏది ఎంత కలిపారో అంకెలు వెయ్యకుండా చుక్కలతో ఉంటుంది. ఒక చుక్క, రెండు చుక్కలు, మూడు.

"చదువు రానివాళ్ళకి కూడా తెలిసేలా పెట్టారు. ఎలా తట్టింది మామయ్యా మీకు?"

"అలా తట్టిందమ్మా."

జూన్ 26

కోడలికి గైడు ఒకాయన ఉన్నాడు, సారు అంటుంది. ఆ సారు చూసి, థీసిస్‌కి ఇదే గుండెకాయ అన్నాడట. నా పుస్తకం మీద ఒక అధ్యాయం మొత్తం రాస్తోంది. ఇప్పటికే ముప్పై ఒక్క చోట్ల నా పేరు వచ్చిందని లెక్కపెట్టి చెప్పింది.

టీ తనే తెచ్చి ఇచ్చింది. కప్పు కింద సాసరు కూడా పెట్టి.

జూలై 2

జిగురమ్మ సంగతి రాసుకుంటాను. రాస్తే అయిపోతుంది.

బైండింగ్ రూములో జిగురు కాచడానికి రోజు కూలికి వచ్చేది. అందరం జిగురమ్మ అనేవాళ్ళం. నన్ను అన్నా అనేది. చదువు లేదు. మైదా, నీళ్ళు, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం. పొయ్యి దగ్గర నించుని కలుపుతూనే ఉండాలి, అడుగంటితే ఆ రోజు పనంతా పాడు. మిగిలిన జిగురు పారెయ్యకుండా డబ్బా మూతల్లో పోసి కిటికీలో వరసగా పెట్టేది. ఒకదాంట్లో లవంగం పొడి, ఒకదాంట్లో మిరియాలు, ఒకదాంట్లో మైలుతుత్తం కాస్త ఎక్కువ. ఏ మూతకి పురుగొచ్చింది, దేనికి రాలేదు అని చూసేది. నాలుగు వానాకాలాలు చూసింది. "ఏంటమ్మా, పురుగులకి విందు చేస్తున్నావా?" అని నేను వేళాకోళం చేసేవాణ్ణి. "విందు కాదన్నా, ఎవరు తినకుండా లేచిపోతారో చూస్తున్నా" అనేది. అంకెలు రావు కాబట్టి మూతల మీద చుక్కలు పెట్టుకునేది.

తను చెప్పింది, నేను రాశాను. రాసింది నేనే. అందులో అబద్ధం లేదు. రాసినవాడి పేరే కదా రచయిత గడిలో ఉండేది.

లైబ్రేరియన్ గారు చదివి అచ్చు వేయిస్తానన్నారు. జిగురమ్మ పేరు చెప్పాను. చెప్పాను, బాగా గుర్తుంది. "కూలి మనిషి పేరు వెయ్యడం కుదరదయ్యా, పై వాళ్ళకి నేనేం చెప్పను? నీ పేరు వేస్తాలే" అన్నారు. పెద్దాయనకి ఎదురు చెప్పే మనిషిని కాదు నేను. ఆ ఏడే నన్ను హెడ్ బైండర్ని చేశారు.

ఇందులో నా తప్పేం లేదు.

జూలై 3

ఇందులో నా తప్పేం లేదు.

జూలై 9

కోడలు మాటల్లో చెప్పింది. గడిలో ఏదైనా మారిస్తే థీసిస్‌లో ఉన్న చోటల్లా అదే మారిపోతుందట. ముప్పై ఒక్క చోట్లకీ వెళ్ళి దిద్దక్కర్లేదు.

అంటే నోరు విప్పక్కర్లేదు.

తను క్లాసుకి వెళ్ళాక తెరిచాను. రచయిత గడి పక్కన ప్లస్ గుర్తు ఉంది. నొక్కితే ఇంకో గడి వచ్చింది. జిగురమ్మ అని కొట్టాను. నా పేరు కిందకి దించి, ఆ పేరు పైకి జరిపాను.

జూలై 10

మూడు వారాల తర్వాత సుఖంగా నిద్ర పట్టింది. మూడు వారాలు కాదు. ఎన్నేళ్ళో రాయను.

జూలై 13

"మామయ్యా, మీ పుస్తకంలో ఎవరిదో పేరు వచ్చి పడింది చూశారా? జిగురమ్మ అట! ఏ వంటల సైటు నుంచి అంటుకొచ్చిందో. తీసేశాను, మీరేం కంగారు పడకండి."

"అలాగేనమ్మా."

తీసింది తను. నేను కాదు.

జూలై 14

మళ్ళీ పెట్టాను.

జూలై 19

మళ్ళీ తీసింది. "ఈ సాఫ్ట్‌వేర్ పాడుగాను, తీసిన పేరే మళ్ళీ తెస్తోంది. దయ్యం పట్టినట్టుంది" అంది.

"కొత్త మెషినులింతేనమ్మా" అన్నాను.

జూలై 20

పెట్టాను.

జూలై 23

సారు ఇంటికొచ్చాడు, నన్ను చూడటానికి. మంచివాడు. చేతులు పట్టుకుని, "మీలాంటి వాళ్ళ తెలివి లోకానికి తెలియదండీ" అన్నాడు. చిన్న మిషను బల్ల మీద పెట్టి నా మాటలు పట్టుకున్నాడు. చుక్కల గురించి అడిగాడు.

"చదువు రానివాళ్ళని మనసులో పెట్టుకుని చేశానండి" అన్నాను.

అనాలని కూర్చోలేదు. కోడలు గుమ్మంలో నించుని నవ్వుతోంది. అబ్బాయి ఆఫీసుకి సెలవు పెట్టి మరీ ఉన్నాడు. నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. ఎంత చక్కగా వచ్చిందంటే, ఎవరో చదువుకున్నాయన మాట్లాడుతున్నట్టుంది.

జూలై 24

నిన్నటి పేజీ చింపేద్దామనుకున్నాను. బైండరుని. పేజీ చింపితే అవతలి వైపు పేజీ కూడా ఊడొస్తుందని తెలుసు.

జూలై 26

కోడలు మూడోసారి తీసింది. సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళకి ఫిర్యాదు కూడా రాసింది. నాకు చదివి వినిపించింది. "మీ వల్ల మా మామగారి రచనకు అన్యాయం జరుగుతోంది" అని రాసింది.

ఆగస్టు 1

కంపెనీ వాళ్ళ జవాబు వచ్చింది. యంత్రంలో తప్పు లేదట. ఆ పేరు ఎక్కిన రోజులూ గంటలూ పంపారు. మూడుసార్లూ ఇంట్లో కంప్యూటరు నుంచే. మూడుసార్లూ తను క్లాసులో ఉన్న టైమే.

కోడలు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"మామయ్యా, జిగురమ్మ ఎవరు?"

చెప్పాను. మూతలు, లవంగాలు, చుక్కలు, లైబ్రేరియన్ గారు. తల వంచుకుని చెప్పాను.

కోడలు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది. తర్వాత, "నోటితో చెప్పొచ్చుగా. పక్క గదిలోనేగా ఉన్నాను" అంది.

"చెప్పలేకపోయానమ్మా."

"సారు ముందు మాత్రం బాగానే చెప్పారు."

నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.

"ఆవిడ పేరు మూడుసార్లు తీసేశాను. మీరు ఒకసారి తీసేస్తే, నా చేత మూడుసార్లు తీయించారు." గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "ఆవిడకి తెలుసా, పుస్తకం మీద తన పేరు లేదని?"

"తర్వాత తెలిసింది."

"తర్వాత అంటే?"

వాన పడుతోందని లేచి కిటికీ వేశాను.

అట్ట మీద లేని పేరు తను కలపకూడదట. కలిపితే థీసిస్ చూసేవాళ్ళు ఒప్పుకోరట. ఆవిడ నోటంట వినాలి, తేదీ వేసి రాసుకోవాలి, అప్పుడైతే కుదురుతుంది. "ఆవిడ ఉన్నారా?"

"తెలీదమ్మా."

"పోనీ పూర్తి పేరు చెప్పండి. వెతుకుతాను."

జిగురమ్మ అనే అన్నాను మళ్ళీ.

"ఇంటిపేరు?"

పదకొండేళ్ళు ఒకే బల్ల దగ్గర పని చేశాం. ఆవిడ ఎండిన జిగురు వాసన చూసి ఏ రోజుదో చెప్పేది. నేను ఆవిడ పేరు అడగలేదు.

ఆగస్టు 3

లింకులు రాలేదు.

ఆగస్టు 4

రాలేదు.

ఆగస్టు 5

అబ్బాయి వచ్చాడు. "ఇప్పుడెందుకు నాన్నా ఇదంతా? ఎవరడిగారు? అచ్చులో ఉన్నది మీ పేరు. ఆవిడెవరో, ఎక్కడుందో. ఊరుకుంటే పోయేదానికి తన థీసిస్ ఆగిపోయేలా ఉంది."

"అప్పుడూ అలాగే అనుకున్నాన్రా."

"మీరు తనకి చెప్పకుండా ఉండాల్సింది" అన్నాడు. ఆఫీసులో అందరికీ చూపించాడట ఆ అట్ట.

ఆగస్టు 6

పుస్తకం అచ్చయి వచ్చిన రోజు సంగతి రాద్దామని కూర్చున్నాను. రాయలేదు.

ఆగస్టు 7

రాయలేదు.

ఆగస్టు 10

పాత కాలేజీ దాకా నడిచాను. బైండింగ్ రూములో ఇప్పుడు జిరాక్సు మిషన్లు ఉన్నాయి. కిటికీకి ఇనప జాలీ కొట్టారు. నాతోపాటు పనిచేసిన గేటు మనిషి అక్కడే ఇంకా ఉన్నాడు, కొడుకు బదులు డ్యూటీ చేస్తున్నాడు. నన్ను చూసి, "రావయ్యా హెడ్డూ, చచ్చావనుకున్నా" అన్నాడు.

జిగురమ్మ గురించి అడిగాను.

"బతికే ఉంది. ఎడం కన్ను పోయింది, మాట మాత్రం గట్టిదే. కూతురు కళ్ళాసుపత్రిలో నర్సు, ఆ పిల్ల దగ్గరుంటోంది. అందర్నీ అడుగుతుంది. ఆ పొట్టి గుమాస్తా ఎలా ఉన్నాడు, తోటమాలి ఎలా ఉన్నాడు అని."

నేను ఆగాను. వాడు నా మొహం చూశాడు.

"నిన్ను అడగదు. ఏం చేశావేంటి?"

ఆవిడ అసలు పేరు వాడికీ తెలీదు. ఆసుపత్రి పేరూ, కూతురి పేరూ రాసుకుని వచ్చేశాను.

ఆగస్టు 12

సారు నెలాఖరు దాకా ఆగుతానన్నాడట. ఆవిడ మాట వస్తే ఆ అధ్యాయం ఆవిడ పేరు మీద తిరగరాస్తుంది కోడలు. రాకపోతే తీసేస్తుంది. నా ఒక్కడి పేరుతో ఉంచదు. ఇంతా చెప్పేటప్పుడు నా వంక చూడలేదు, గోడకి చెప్పినట్టు చెప్పింది.

ఆసుపత్రికి తను ఫోను చేస్తానంది. వద్దమ్మా, నేను ఉత్తరం రాస్తానన్నాను.

"రాయండి. ఈసారైనా మీ సొంత మాటలు రాయండి" అంది.

ఆగస్టు 13

పొద్దున్న పోస్టులో వేశాను. ఆరుసార్లు రాసి చింపాను. ఏడోది వెళ్ళింది. దాని నకలు ఇది.

అమ్మా,

మీ అమ్మగారితో లైబ్రరీ బైండింగ్ రూములో పదకొండేళ్ళు పని చేసినవాణ్ణి. ఎవరో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఇది ఆవిడకి చదివి వినిపించండి. మధ్యలో ఆపమంటే ఆపెయ్యండి.

జిగురు మందుల పుస్తకంలో ఉన్నది మొత్తం ఆవిడ చూసి కనిపెట్టినది. నేను కాగితం మీద పెట్టాను, అంతే. పేరు వెయ్యనన్నది లైబ్రేరియన్ గారు. ఇన్నాళ్ళూ నేను తప్పంతా అక్కడితో ఆపి, ఆ తర్వాత జరిగినదాన్ని తలుచుకోకుండా గడిపాను. అది ఇప్పుడు రాస్తున్నాను.

అచ్చయి వచ్చిన రోజు ఆవిడ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని పుస్తకం తీసుకున్నారు. "నా పేరెక్కడుందన్నా?" అని అడిగారు. లేదని చెప్పాలి. నేను నా పేరు మీద వేలు పెట్టి, ఇదిగో ఇదే అన్నాను. ఆవిడ దాని మీద వేలితో నిమిరి, "ఎంత పొడుగుందో!" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఎవరూ నన్ను ఆ మాట అనమనలేదు. లైబ్రేరియన్ గారు ఆ గదిలో కూడా లేరు.

కొన్ని నెలలకి ఒక పొద్దున్న వచ్చి గుమ్మంలోనే నించుని, "అన్నా, మా అమ్మాయికి అక్షరాలొచ్చాయి" అన్నారు. ఇంకేమీ అనలేదు. మర్నాటి నుంచి పనిలోకి రాలేదు. ఆ అమ్మాయి మీరే అనుకుంటాను. నా అబద్ధాన్ని మీ అమ్మకి చదివి చెప్పాల్సి రావడం మీ చిన్నతనంలో జరిగింది. ఇది రెండోసారి చదివిస్తున్నాను.

మా కోడలు ఆ పుస్తకం మీద పరిశోధన రాస్తోంది. ఈ నెలాఖరు దాకా గడువుంది. అమ్మగారు ఒప్పుకుంటే తనే వచ్చి ఆవిడ చెప్పింది రాసుకుంటుంది. అప్పుడు రచయిత గడిలో ముందు ఆవిడ పేరే ఉంటుంది. నా పేరు ఉండాలో వద్దో కూడా ఆవిడే చెప్పాలి. వద్దంటే మొత్తం తీసేస్తారు, ఎవరూ మిమ్మల్ని ఇబ్బంది పెట్టరు.

క్షమించమని అడగడం లేదు. అడిగితే ఆవిడకి ఇంకో పని చెప్పినట్టవుతుంది.

ఒక్కటే అడుగుతున్నాను. రచయిత కింద రెండు గళ్ళుంటాయి. ఒకటి ఇంటిపేరుకి, ఒకటి పేరుకి. రెంటిలోనూ ఏం రాయాలో నాకు తెలీదు. ఆవిడనడిగి, ఎలా రాయమంటే అలా, విడి విడి అక్షరాలతో పెద్దగా రాసి పంపండి. తిట్లు ఉంటే అవీ రాయండి, ఒక్కటీ తగ్గించకండి. ఈ ఉత్తరం అందిన రోజే జవాబు రాయండమ్మా, ఆలస్యం చెయ్యకండి.